మోత

ముప్పై ఒక్క ఏళ్ళు నా ఉద్యోగం
రాళ్ళని కొట్టి వినడం.
జీతాల చిట్టాలో బ్రిడ్జి ఖలాసీ అని రాసేవారు.
మా ఆవిడ మాత్రం పక్కింటివాళ్ళతో
"ఆయన రాళ్ళకి ఆరెంపీ డాక్టరు" అనేది.

అరకిలో సుత్తి, చింతకర్ర పిడి.
మంచి రాయి కంచుచెంబులా పలుకుతుంది.
పగిలింది కుళ్ళిన గుమ్మడికాయలా బద్దుమంటుంది.
ఈ రెంటి మధ్యా ఇంకో చప్పుడుంది,
సున్నం వదిలి, పక్కరాయి చెయ్యి జారుతున్నప్పటిది.
అది పట్టుకోడానికి నాకు నాలుగు వానాకాలాలు పట్టింది.

నేర్పింది తాడేపల్లి సిలార్ సాహెబు,
ఎడమ చెవి ఒక్కటే వినపడే మనిషి.
"మోసేదీ మోతే, మోగేదీ మోతేరా,
మాట ఒకటే. చెవి పెట్టు."

ఆయనే చెప్పాడు, ఈ వంతెన బావిగా మొదలైందని.
కృష్ణ నడుమ ఇసకలో గుండ్రంగా ఒర కట్టి
లోపల కూచుని ఇసక తోడుతుంటే
తన బరువుకి తనే దిగిపోయేదట ఒర.
దిగినకొద్దీ పైన ఇంకో వరస.
ఏట్లో బావి తవ్వినవాళ్ళు!
గట్టినేల తగిలాక ఆ బావులన్నీ పూడ్చి
వాటి నెత్తిన లేపారు ఈ రాతి కాళ్ళని.
ఎగువకి పడవ ముక్కులా కోసు.
కాస్త పక్కకి తప్పుకోమ్మా అని
వరదని అడిగే మర్యాద ఆ ముక్కుది.
పైకి పోయేకొద్దీ ప్రతి వరసా
వెంట్రుకవాసి లోపలికి తగ్గుతుంది.
గట్టు మీంచి చూస్తే కనపడదు,
తాడు పట్టుకు దిగేవాడి మోకాలికి తెలుస్తుంది.

నేను రిటైరయ్యాక
ఇనుప గడ్డర్లు విప్పి పట్టుకుపోయారు.
కాళ్ళు మిగిలాయి.
వాటిమీద నీటికాకులు రెక్కలారేసుకుంటాయి.

మొన్న శ్రావణంలో ఓలేటి సింహాచలం పడవెక్కాను.
"అక్కడేం పని నీకు, పెద్దాయనా?"
సుత్తి చూపించాను.
నవ్వి తెడ్డేశాడు.

నాలుగో కాలు దగ్గర ఆపించి కొట్టాను.
నెత్తిన రైళ్ళు లేవు గదా,
హాయిగా పలుకుతుందనుకున్నా.
ఊహూఁ.
సన్నగా, ఉండాల్సినదానికన్నా పొడుగ్గా మోగింది,
గుంటూరు మిర్చియార్డులో
బస్తా దించేశాక కూడా
మెడ వంచే నడిచే ముఠాకూలీ ఉంటాడే,
అట్లా.

అంతలో పక్క వంతెన మీద గూడ్సు.
యాభై ఎనిమిది పెట్టెలు, బొగ్గు.
లెక్కపెట్టడం పోదు, పాడలవాటు.
నా అరచెయ్యి ఇంకా రాతి మీదే ఉంది.
అడుగు ఇసకలోంచో, నీళ్ళలోంచో
సన్నటి వణుకు ఎక్కొచ్చింది మోచేతిదాకా.
పరాయి బరువుని
ఇది ఇంకా వింటోంది.

సిలార్ సాహెబుంటే
చెవి ఆనించి ఏదో ఒక మాట అనేవాడు.
నాకు మాట రాలేదు.
ఊరికే పాచి గోకాను.
కింద ఉలిగాట్లు, అన్నీ ఒకే వాలు,
ఎడమచేతి వాటం మనిషివి కాబోలు.
ఒకచోట ఉలి జారి గీత పడింది.
సరిచెయ్యలేదు.
నీళ్ళ మాటున ఉండేదేగా, ఎవడు చూడొచ్చాడని వదిలేసుంటాడు.
"చూశాన్లే" అన్నాను.
"ఎవరితో?" అన్నాడు సింహాచలం.

బేరేజీ మీద సైరను కూసింది.
గేట్లెత్తుతున్నారు.
ఐదోది ఇంకా కొట్టలేదు.
"రేపొద్దాం" అన్నాను.
"రేపటికి ఏరు నీ రాళ్ళ నడుందాకా వస్తది"
అంటూ పడవ తిప్పాడు.

తిప్పడంలో తెడ్డు జారి
ఐదో కాలికి టక్కున తగిలింది.
చెక్కదెబ్బకి ఏం తెలుస్తుంది!
అయినా ఇద్దరం
ఊపిరి బిగబట్టి
తల అటు తిప్పాం.